దీవికి వెళ్లే పాదాలు

మొదటి పొద్దున

దీవిలో మొదటి పొద్దున ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. గుంటూరు నుంచి మద్రాసు దాకా రైల్లో పేకాట ఆడుతూ, విమానంలో కూడా గొంతు తగ్గించకుండా వచ్చినవాళ్లు, ఓడ దిగి, కొబ్బరితోట దాటి ఆ నీళ్ల ముందుకు రాగానే నోరు మూసుకుంటారు. మన సముద్రం మనకు తెలుసు. సూర్యలంకలో, వాడరేవులో అది బూడిదరంగులో, మనుషులతో పోటీపడి అరుస్తూ ఉంటుంది. అండమాన్‌లో ఒడ్డు దగ్గర నీళ్లకు అసలు రంగే ఉండదు. కొంచెం లోపలికి చూస్తే లేత అరిటాకు రంగు. ఇంకా లోపల నెమలి మెడ రంగు. పెద్ద పెద్ద బేరాలు చేసే మనుషులు చెప్పులు చేత్తో పట్టుకుని, బడి ఎగ్గొట్టిన పిల్లల్లా నిలబడిపోతారు.

నా ఉద్యోగం సరిగ్గా అక్కడ మొదలయ్యేది. కలలో ఉన్నట్టు నడిచే మనిషి కాళ్ల కిందికి చూసుకోడు. అతని బదులు ఇంకొకరు చూడాలి.

నా పేరు మస్తాన్‌బీ. పేషెంట్లకు సిస్టరమ్మను, బాగా దగ్గరైనవాళ్లకు మస్తానమ్మను. గుంటూరులో ఒక నర్సింగ్ హోములో చాలాకాలం పనిచేశాక, తొంభైల చివర్లో ఒక ట్రావెల్స్ కంపెనీలో చేరాను. జిన్నింగ్ మిల్లుల వాళ్లు, మిర్చి వ్యాపారులు, సిమెంటు డీలర్లు కుటుంబాలతో దీవులు చూడటానికి బయల్దేరిన రోజులవి. అంతకుముందు ఒక ప్రయాణంలో ఓడ ఊపుకి ఒక పెద్దాయన వాంతులు చేసుకుని, నీళ్లు కూడా తాగక స్పృహ తప్పాడట. అప్పటినుంచి గుంపుతోపాటు ఒక నర్సును పంపాలని కంపెనీ ఓనరు రాఘవరావు గారు అనుకున్నారు. రిటైరయ్యేదాకా అదే నా పని. ఇప్పుడు ఇలాంటి పనిలోకి వస్తున్న అమ్మాయిలు కొందరు నన్ను అడుగుతుంటారు, ఏం మందులు పట్టుకెళ్లాలి మేడమ్ అని. మందుల సంగతి ఏ డాక్టరైనా చెప్తాడు. నేను చెప్పాలనుకున్నది మనుషుల సంగతి.

పెళ్లిలో పాడె మాట

రాఘవరావు గారు చెడ్డమనిషి కాదు. ప్రయాణాల్లో ఎవరి పిల్లాడికి పాలు కావాలో, ఎవరికి ఉల్లిపాయ పడదో ఆయనకు నోటికి వచ్చు. కానీ అపాయం అన్న మాట చెవిన పడితే గిట్టేది కాదు.

"పెళ్లికి పిలిచి పాడె మాటలు చెప్తే ఎవరు కూర్చుంటారు సిస్టర్? వాళ్లు సంతోషం కోసం వస్తున్నారు. మీరు మునిగిపోతారు, కోసుకుంటారు అంటే ఎట్టా?"

"పెళ్లిలో పాడె వద్దండి. వంటల గాడిపొయ్యి దగ్గరికి పిల్లల్ని పోనీయొద్దని చెప్పొచ్చుగా," అన్నాను.

ఆయన నవ్వి, "బస్సులో చెప్పు. భోజనాల దగ్గర మాత్రం చెప్పొద్దు," అన్నారు. అలా ఓడరేవు నుంచి హోటలుకు పోయే చిన్న బస్సు నా పాఠశాల అయింది. ఆ దారి చాలా అందంగా ఉండేది. రెండువైపులా పోకచెట్లు, మధ్యలో ముక్కలు ముక్కలుగా సముద్రం. అందుకే నా మాటలు సగంమంది వినేవాళ్లు కాదు. అయినా చెప్పాలి. ఎవరో ఒకరు వింటారు, ఆ ఒకరు ఎవరో మనకు ముందుగా తెలియదు.

రెంటచింతల ఎండ

మనవాళ్లకు ఎండ గురించి చెప్పబోవడమంత కష్టం ఇంకోటి లేదు. "రెంటచింతల ఎండ చూసినోళ్లం సిస్టరమ్మా, ఇది మాకు వెన్నెల," అనేవాళ్లు. నిజమే, మన ఎండ మనిషిని ముందే బెదిరిస్తుంది. వడగాలి మొహాన కొడుతుంది, నాలుక పిడచగట్టుకుపోతుంది, మనమే నీడకు పోతాం. దీవి ఎండ బెదిరించదు. పైన పల్చటి మబ్బు ఉంటుంది, గాలి చల్లగా తగులుతుంది. చెమట పడుతుంది కానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. దాహం మాత్రం తెలియదు.

దాచేపల్లి సిమెంటు డీలరు ఒకాయన అలాగే మబ్బును నమ్మి, చొక్కా విప్పి ఇసుకలో బోర్లా పడుకున్నాడు. కమ్మటి నిద్ర పట్టింది. లేచేసరికి వీపంతా కాలిన అప్పడంలా పొక్కింది. మిగిలిన రోజులు ఆయన హోటలు గదిలో బోర్లాగానే గడిపాడు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తూనే ఉంది పాపం.

నేను చెప్పేది చాలా మామూలు విషయం. పొద్దున్నే, సాయంత్రం నీళ్లలో ఆడుకోండి, మధ్యాహ్నం తిని పడుకోండి. దాహం వేసినా వేయకపోయినా ఉప్పూ పంచదారా వేసిన నిమ్మకాయ నీళ్లు తాగుతూ ఉండండి. షుగరు ఉన్నవాళ్లు పంచదార మానండి. ఒంటేలు చిక్కటి రంగులో వస్తే నీళ్లు చాల్లేదని అర్థం. కొబ్బరిచెట్టు కింద చాప వేయకండి, కాయ ఎప్పుడు రాలుతుందో చెట్టుకే తెలియదు. మందు తాగినవాళ్లు నీళ్లలోకి దిగకండి. ఈ చివరి మాటకు మాత్రం ఆడవాళ్లందరూ ఒక్కసారిగా తలలూపేవాళ్లు.

దూది

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏప్రిల్ నెల. పత్తి సీజను అయిపోయి మిల్లులు ఆగాయి. చిలకలూరిపేట నుంచి ఒక గుంపు బయల్దేరింది. అందులో జిన్నింగ్ మిల్లు ఓనరు వీరాంజనేయులు గారు, ఆయన భార్య నాగరత్నమ్మ గారు ఉన్నారు. ఆయన భారీ మనిషి, మాట కూడా భారీ. హైవే అవతలివాళ్లకు కూడా వినపడేలా మాట్లాడేవారు. ఆమె సన్నగా, నెమ్మదిగా, ఎప్పుడూ ఆయన వెనక నాలుగడుగుల దూరంలో నడిచేది. ఆమెకు చాలాకాలంగా షుగరు.

షుగరు ఉన్నవాళ్ల పాదాలు మొదటి సాయంత్రమే చూడటం నాకు అలవాటు. హోటలు వరండాలో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాను. ఎదురుగా పొద్దు అప్పుడే వాలుతోంది. అక్కడ మనకంటే ముందే సాయంత్రమవుతుంది, సముద్రం పసుపు కలిపిన నీళ్లలా మారుతుంది. నా సంచిలోంచి కొంచెం దూది తీసి ఒత్తిలా నలిపి, "కళ్లు మూసుకోండమ్మా. నేను ఎక్కడ తాకితే అక్కడ తగిలిందని చెప్పండి," అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. బొటనవేలు దగ్గర తాకించాను. మడమ దగ్గర, పాదం మధ్యలో, వేళ్ల సందుల్లో తాకించాను. రెండో పాదం కూడా అయిపోయింది. ఆమె మొహంలో ప్రశాంతత తప్ప ఇంకేమీ లేదు. కాసేపటికి అడిగింది.

"ఇంకా మొదలుపెట్టలేదా సిస్టరమ్మా?"

దూది పక్కన పెట్టేశాను.

"ఎన్నాళ్ల నుంచి ఇట్టా ఉందమ్మా?" అన్నాను.

"ఎట్టా? నేల మీద నడిస్తే దూది మీద నడిచినట్టుంటది. చానాళ్లయింది. పత్తి మిల్లోళ్లం కదా, ఇంట్లో కూడా ఎగిరొచ్చి పడతా ఉంటది. అదే అనుకున్నా." ఆమె సిగ్గుగా నవ్వింది. "బానే ఉంటది. మెత్తగా."

పాదంలో స్పర్శ పోయిందని, ముల్లు దిగినా నిప్పు తగిలినా తెలియదని, షుగరు వల్ల అలా అవుతుందని చెప్పాను. ఇసుకలో కూడా చెప్పులు విడవొద్దని చెప్పాను. ఆమె తన పాదాలను ఎవరివో చూస్తున్నట్టు చూసుకుంది.

"మరి నీళ్లలో దిగితే చల్లగా కూడా తెలీదా?"

"మోకాళ్ల పైన తెలుస్తుందమ్మా."

"అయితే అక్కడిదాకా దిగుతాలే," అంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒకటి చెప్పాలి. అలాంటి మాట విన్నప్పుడు వద్దు అనటం సులువు. గదిలో కూర్చోబెడితే ఏ పాదానికీ ఏమీ కాదు. కానీ ఆమె అంత దూరం వచ్చింది గదిలో కూర్చోవటానికి కాదు. మెత్తటి ఇసుక మాత్రమే ఉన్నచోట, చెప్పులతో, నా చెయ్యి పట్టుకుని దిగేలా మాట తీసుకున్నాను.

అడ్డంగా

అంతకుముందు హోటలుకు వస్తూ బస్సులో ఆ గుంపుకి నేను చెప్పింది ఇది. "అలలు విరగకుండా నున్నగా కనపడే చోటు మంచి చోటని దిగొద్దు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ మళ్లీ లోపలికి పోయే దారి అదే. అందులో పడితే ఒడ్డుకేసి ఎదురీదకండి. సాగర్ కాలవలో షట్టర్లు ఎత్తితే ఎదురీదుతారా? అడ్డంగా ఈది గట్టు పట్టుకుంటారు. ఇక్కడా అంతే. ఒడ్డు వెంబడి అడ్డంగా ఈదండి. లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగండి."

వీరాంజనేయులు గారు అప్పుడు నిద్రపోతున్నారు. నాగరత్నమ్మ గారు కిటికీలోంచి బయటికి చూస్తోంది.

మర్నాడు పొద్దున్న అందరం పెద్ద ఇసుకతీరానికి వెళ్లాం. ఆయన పంచె విప్పి, నిక్కరు మీద నీళ్లలోకి నడిచారు. "సాగర్ కాలవలో పుట్టి పెరిగినోణ్ణి," అని గైడుతో అంటూనే వెళ్లారు. అలలు తెల్లగా విరుగుతున్న చోట దిగలేదు. పక్కన నున్నగా, అద్దంలా ఉన్న నీళ్లలోకి దిగారు. నేను పిలిచాను. వినపడలేదు, లేదా వినలేదు. చూస్తుండగానే ఆయన తల కొబ్బరికాయంత అయింది.

మొదట ఆయనకు కూడా తెలియలేదు. వెనక్కి తిరిగి ఒడ్డుకేసి బారలు వేయటం మొదలుపెట్టారు. ఎంత బార వేసినా ఉన్నచోటే ఉన్నారు. ఆ తర్వాత ఉన్నచోట కూడా లేరు, ఇంకా లోపలికి పోతున్నారు. గైడు పడవ కోసం పరిగెత్తాడు. ఆ వెలుతురులో, ఆ రంగునీళ్లలో అదంతా ఎంత నిశ్శబ్దంగా జరుగుతోందో చెప్పలేను. మునిగిపోయే మనిషి అరవడు. అరవడానికి ఊపిరి ఉండదు.

అప్పుడు నా పక్కనుంచి నాగరత్నమ్మ గారు పరిగెత్తింది. ఇసుక మీదుగా కాదు, దగ్గరదారిన, పగడపు రాళ్లు తేలిన అంచు మీదుగా నీళ్లలోకి దిగింది. చెప్పులు ఎక్కడో జారిపోయాయి. నడుము లోతుకి వెళ్లేసరికి నేను వెనకనుంచి ఆమె నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను. రక్షించబోయినవాళ్లే ముందు పోతారు, అది కూడా గుర్తుపెట్టుకోండి. ఆమె నన్ను విదిలించుకోలేదు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. నాలుగడుగుల వెనక నడిచే ఆమెలో అంత గొంతు ఉందని ఎవరికీ తెలియదు.

"అడ్డంగా ఈదండీ. ఒడ్డుకి కాదు, అడ్డంగా. కాలవ అనుకోండి. అడ్డంగా."

ఆయన తల ఇటు తిరిగింది. ఆమె కుడిచేత్తో పక్కకి చూపిస్తూనే ఉంది. ఆయన ఒక క్షణం ఆగి, మెల్లగా పక్కకు తిరిగి ఈదారు. అలలు విరిగే చోటికి వచ్చారు. ఒక అల ఎత్తుకుని ముందుకు తోసింది, ఇంకోటి తోసింది. పడవ వచ్చేలోపే ఆయన చాలా దూరంలో ఒడ్డుకు చేరి, చేతులూ మోకాళ్ల మీద ఇసుకలోకి పాకి, అక్కడే పడిపోయారు.

అందరూ ఆయన దగ్గరికి పరిగెత్తారు. నేనూ వెళ్లాను. ఊపిరి బాగానే ఉంది, నీళ్లు పెద్దగా మింగలేదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, పొడిగుడ్డ కప్పాను. అప్పుడు తలెత్తి చూస్తే తెల్లటి ఇసుకలో నాగరత్నమ్మ గారు మెల్లగా నడిచొస్తోంది. ఆమె వేసిన ప్రతి రెండో అడుగూ ఎర్రగా ఉంది.

"కూర్చోండమ్మా," అన్నాను.

"నాకేమైంది? ఆయన్ని చూడు," అంది.

పెన్ను గీత

కుడిపాదం కింద, చిటికెన వేలి మొదట్లో పగడపు రాయి లోతుగా కోసింది. మంచినీళ్లు సీసాలకు సీసాలు పోసి, సబ్బుతో కడిగాను. పట్టకారుతో రాయి పొడి ఏరాను. కుట్లు వేయకుండా వదులుగా కట్టు కట్టాను, ఎందుకంటే సముద్రంలో అయిన గాయాన్ని కుట్టి మూసేస్తే విషాన్ని లోపల పెట్టి తాళం వేసినట్టే. అక్కడి చిన్న ఆసుపత్రిలో ధనుర్వాతం ఇంజెక్షను, మాత్రలు ఇప్పించాను. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆమె కిటికీలోంచి సముద్రాన్నే చూస్తోంది. నొప్పి లేదు కదా, ఆమెకు భయం కూడా లేదు. నొప్పి ఎంత మంచి కాపలాదారో ఆ రోజు నాకు బాగా అర్థమైంది.

సాయంత్రం కట్టు విప్పితే గాయం చుట్టూ ఎరుపు కనిపించింది. దాని అంచు వెంబడి బాల్‌పెన్నుతో గీత గీశాను. ఎరుపు గీత లోపల ఉంటే ఆగొచ్చు, దాటితే ఆగకూడదు. పొద్దున్న చూస్తే దాటింది. పాదం పైకి పాకింది. ఆమె ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది.

పోర్ట్‌బ్లెయిర్‌కు ఓడ మధ్యాహ్నం ఉంది. ఎస్టీడీ బూత్ నుంచి రాఘవరావు గారికి ఫోను చేశాను.

"ఎల్లుండి గుంపంతా ఎటూ పోర్ట్‌బ్లెయిర్ పోద్దిగా సిస్టర్. అప్పుడు చూపించొచ్చు. గుంపుని వదిలేసి పోతే మిగతావాళ్లేమనుకుంటారు?"

"మిగతావాళ్లకి గైడున్నాడండి. ఈమె పాదానికి ఎల్లుండి లేదు."

"భయపెడుతున్నావు నువ్వు."

"అవునండి. ఇవాళ భయపడాల్సిన రోజే."

ఆయన ఫోను పెట్టేశారు. నాకు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. గదికి వెళ్లి సామాను సర్దమన్నాను. అప్పటిదాకా దేనికీ ఎదురు చెప్పని నాగరత్నమ్మ గారు మంచం మీద అలాగే కూర్చుంది.

"ఈ ఒక్క రోజు ఉండనీయవా మస్తానమ్మా? నొప్పి లేదుగా. ఇంత అందం నేనెప్పుడూ చూడలా. మళ్లీ ఎవరు తీసుకొస్తారు నన్ను?"

గుమ్మంలో నిలబడ్డ వీరాంజనేయులు గారు అప్పుడు మాట్లాడారు. నిన్నటి నుంచి ఆయన నోట్లోంచి గట్టిగా వచ్చిన మొదటి మాట అదే.

"నేను తీసుకొస్తా రత్నం. లే."

ఆయనే ఆమెను ఎత్తుకుని బస్సు దాకా నడిచారు. ఓడలో ఆమె పాదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సముద్రం ఆ రోజు నూనె పోసినట్టుంది. ఎగిరే చేపలు కొన్ని ఓడ పక్కన లేచి పడుతున్నాయి. ఆమె జ్వరం కళ్లతో వాటినే చూస్తూ, అవి పిట్టలా అని అడిగింది.

వార్డు బయట

పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రిలో డాక్టరమ్మకు తెలుగు వచ్చు. కట్టు విప్పి చూసి, ఎక్కువ మాట్లాడకుండా ఆపరేషన్ గదికి తీసుకెళ్లింది. చిటికెన వేలు తీసేయాల్సి వచ్చింది. పాదం దక్కింది.

"ఇంకో రెండు రోజులు ఆగుంటే మనం వేలి గురించి కాదు, మోకాలి గురించి మాట్లాడుకునేవాళ్లం," అంది బయటికి వచ్చి.

వీరాంజనేయులు గారు బెంచీ మీద కూలబడ్డారు. నాతో అన్నారు.

"బస్సులో మీరు చెప్పారటగా, అడ్డంగా ఈదమని. నేను నిద్రపోయా. మా రత్నం ఇన్నది. ఇంట్లో ఏదన్నా చెప్తే నాకు తెల్సులే అంటాను సిస్టరమ్మా. ఆడ మాత్రం నాకేం తెలీదని తెలిసింది."

ఆయన కళ్లు తుడుచుకుంటుంటే పక్కన కూర్చున్నాను. ఏడ్చే మనిషి పక్కన ఊరికే కూర్చోవటం కూడా నర్సు పనే.

తిరిగొచ్చాక రాఘవరావు గారు కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు. ఒకరోజు చిలకలూరిపేటలో వాళ్లింటికి పలకరించడానికి వెళ్లారట. ఏం చూశారో, ఏం విన్నారో నాకు చెప్పలేదు. తర్వాతి ప్రయాణానికి ముందు మాత్రం, "బస్సులో వద్దు సిస్టర్, కిటికీలోంచి చూస్తా ఎవడూ ఇనడు. బయల్దేరకముందే మన ఆఫీసులో చెప్పు. కాకపోతే కాఫీ ఇచ్చాక చెప్పు," అన్నారు. పై అధికారులు తప్పు ఒప్పుకోరు, ఏర్పాట్లు మారుస్తారు. అది చాలు. అంతకంటే ఎక్కువ ఆశించి మనసు పాడుచేసుకోకండి.

తేలిన రోజు

వీరాంజనేయులు గారు మాట నిలబెట్టుకున్నారు. గాయం పూర్తిగా మాని, షుగరు అదుపులోకి వచ్చిందని డాక్టరు చెప్పాక, ఒక ఏప్రిల్‌లో మళ్లీ అదే దీవికి వచ్చారు. ఈసారి ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. ఆమె కాళ్లకు మెత్తటి రబ్బరు బూట్లు. పైకి బాగానే కనిపిస్తున్నా నీళ్లు చూడగానే ఆయన మొహం మారిపోయింది. మోకాలి లోతు దాటి దిగలేదు. అక్కడే నిలబడి మా ఇద్దరినీ చూస్తున్నారు.

అలలూ లాగుడూ లేని, చెరువులాంటి చిన్న మూలకు ఆమెను తీసుకెళ్లాను. అడుగున ఇసుక తప్ప రాయి లేదని ముందే నడిచి చూశాను. నడుము లోతులో ఆగి, "వెనక్కి వాలండమ్మా, నా చెయ్యుంది," అన్నాను.

"మునగనూ?"

"ఊపిరి నిండా పీల్చి వాలండి. నీళ్లే మోస్తాయి."

ఆమె వాలింది. ముందు ఒళ్లంతా బిగుసుకుంది. కాసేపటికి మెడ వదులైంది, తర్వాత భుజాలు. చీర కొంగు నీళ్లలో మెల్లగా విచ్చుకుంది. చెవులు నీళ్లలోకి మునిగాయి. కళ్లు ఆకాశంలోకి తెరిచే ఉన్నాయి. నా అరచేయి ఆమె వీపు కింద ఉంది. ఒక దశలో ఆ అరచేతి మీద బరువే లేదని గమనించి, మెల్లగా కిందికి దించేశాను. ఆమెకు తెలియలేదు.

చాలాసేపు అలాగే ఉంది. లేపి నిలబెట్టాక మొహం తుడుచుకుని, భర్త నిలబడ్డ వైపు చూసి, పెద్దగా, ఒడ్డంతా వినపడేలా పిలిచింది.

"రండి. ఏం కాదు. నేనున్నాగా."

ఆయన ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ వచ్చారు.